గట్టు మీద మాటు

ఏలూరు,
ఆశ్వయుజ మాసం.

చిరంజీవి అబ్బాయికి,

తాడేపల్లిగూడెంలో నీ చదువు సవ్యంగా సాగుతోందని మీ నాన్న చెప్పాడు, సంతోషం.

నువ్వూ నీ స్నేహితుడూ కలిసి కొల్లేటి ఒడ్డున పరజల కోసం, అంటే అడవి బాతుల కోసం, మాటు కట్టాలనుకుంటున్నారని రాశావు. అమెరికా వాళ్లు రెల్లుగడ్డితో గూడు కట్టుకుని, అందులో తుపాకులు పట్టుకుని కూర్చునే వీడియోలు చూశామని, మాకు మాత్రం కెమెరా చాలని అన్నావు. ఆ చివరి మాట చదివాక నాకు ప్రాణం లేచొచ్చింది. తప్పకుండా కట్టండి. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ఈ ఉత్తరం దాచుకుని, కట్టేటప్పుడు దగ్గర పెట్టుకో.

వేట సంగతి ఒక్కసారే చెప్పి వదిలేస్తాను. మాటు లేచాక ఎవడో ఒకడు వచ్చి "ఎలాగూ కూర్చుంటున్నారు కదా, రెండు పరజలు పడితే ఏం పోయింది" అంటాడు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. 1991 సవరణతో లైసెన్సు వేట కూడా ఆగిపోయింది. అభయారణ్యంలో వేటాడితే మూడేళ్లకు తగ్గని జైలు. ఉచ్చు పెట్టినా, వల వేసినా, మందు కలిపిన గింజలు చల్లినా చట్టం దృష్టిలో అదీ వేటే. ఆ మాట అన్నవాడికి ఇది చెప్పు. వినకపోతే వాణ్ణి మాటు దరిదాపులకు రానివ్వకు.

అయితే వేటగాళ్ల పనితనాన్ని మాత్రం తీసిపారేయకు. మనం ఇప్పుడు చేయబోయేదంతా వాళ్ల దగ్గర నేర్చుకున్నదే. మీ తాతయ్య వయసులో ఉండగా పరజల వేటకి వెళ్లేవాడు. తాటి దోనె చుట్టూ జమ్ము కట్టుకుని, గెడ నీళ్లలోంచి పైకి తియ్యకుండానే దోనె నడిపేవాడు. చట్టం వచ్చాక తుపాకి స్టేషన్లో అప్పగించేశాడు. కానీ చలికాలం వచ్చిందంటే వట్టి చేతులతోనే వెళ్లి ఆ దోనెలో కూర్చునేవాడు, నన్నూ తీసుకెళ్లేవాడు. గాలి చూడటం, నీడ చూడటం, కదలకుండా ఉండటం నాకు ఆయనే నేర్పాడు.

లోకంలో వేరే చోట్ల కూడా ఇదే జరిగింది. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో 1938 నవంబరు 12న వైస్రాయ్ లిన్‌లిత్‌గో వచ్చినప్పుడు ఒక్కరోజులో 4,273 పక్షుల్ని కొట్టారు. ఆ లెక్క చెక్కిన రాతిఫలకం ఇప్పటికీ అక్కడే ఉంది. అదే చోటు నేడు కేవలాదేవ్ జాతీయ ఉద్యానం. ఇంగ్లండులో పీటర్ స్కాట్ కుర్రతనంలో బాతుల వేటలో ఆరితేరినవాడు. 1946లో స్లిమ్‌బ్రిడ్జ్ దగ్గర నీటిపక్షుల సంరక్షణ కేంద్రం పెట్టాడు, తరవాత తుపాకి కూడా వదిలేశాడు. ఆ దేశంలోనే అంతకు చాలా ముందు కియర్టన్ సోదరులు పిట్టల ఫొటోల కోసం బోలుగా చేసిన ఎద్దు బొమ్మలో దూరి కూర్చున్నారు. మీరిద్దరూ ఆ దారినే నడుస్తున్నారు.

ఇక చోటు. కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న పల్లం. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు తెచ్చిన నీళ్లు ఇందులో చేరి, ఉప్పుటేరు వెంట సుమారు 60 కిలోమీటర్లు పోయి సముద్రంలో కలుస్తాయి. నీళ్లు రావడం తొందరగా వస్తాయి, పోవడం నిదానంగా పోతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడని ముంచాక కొల్లేటి ఒడ్డు ఊళ్లలో నీళ్లు ఎన్నాళ్లు నిలిచాయో గుర్తుందిగా. అందుకని ముందు గట్టు మీద నీటి చారలు చూడండి. నిరుడు వరద ఎక్కడి దాకా వచ్చిందో ముసలి రైతుని అడిగితే వేలు పెట్టి చూపిస్తాడు. ఆ గీతకి పైనే కట్టండి.

దానికంటే ముఖ్యమైన గీత ఇంకోటి ఉంది. సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు వరకు, అంటే అయిదో కాంటూరు లోపల ఉన్న 308 చదరపు కిలోమీటర్లని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల జాబితాలో కూడా కొల్లేరు చేరింది. కాంటూరు లోపల పట్టా భూమి అయినా సరే, అటవీశాఖ అనుమతి లేకుండా ఒక్క కర్ర కూడా పాతకూడదు. నీ స్నేహితుడి వాళ్ల చేను కాంటూరుకి బయటే ఉందని రాశావు. అయినా ఏలూరులో వన్యప్రాణి విభాగం ఆఫీసుకి ఇద్దరూ కలిసి వెళ్లి, సర్వే నంబరు చూపించి అడిగి రండి. ఆ తరవాత చుట్టుపక్కల చేపల చెరువుల వాళ్లకి, రాత్రి కాపలా ఉండేవాళ్లకి కూడా చెప్పండి. చేపల దొంగతనాలు జరిగే చోట తెల్లవారుజామున టార్చి పట్టుకుని గట్టు మీద నడిచే ఇద్దరు కుర్రాళ్లని చూసి వాళ్లు ఏమనుకుంటారో వేరే చెప్పాలా!

మాటు ముఖం పడమరకి ఉండాలి. పొద్దున ఎండ మీ వెనకనుంచి వచ్చి నీళ్ల మీద పడుతుంది. పిట్ట రంగులు స్పష్టంగా కనిపిస్తాయి, మీరు చీకట్లో ఉంటారు. ఇంకో లాభం కూడా ఉంది. చలికాలంలో మనకి గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వీస్తుంది. బాతు ఎప్పుడూ గాలికి ఎదురుగానే దిగుతుంది. అంటే నైరుతి వైపు నుంచి మీకు ముఖం చూపిస్తూ, రెక్కలు వెనక్కి పట్టి, కాళ్లు ముందుకు చాపి దిగుతుంది. నీటి అంచునే కూర్చోవద్దు, పది గజాలు వెనక్కి జరగండి. పిట్టలకి అంచు వెంట మేసే చోటు వదలాలి.

కట్టడం ఈ నెలలోనే అయిపోవాలి. పరజలు మధ్య ఆసియా నుంచి, సైబీరియా నుంచి కార్తీకానికి దిగడం మొదలుపెడతాయి. అవి వచ్చేసరికి మాటు అక్కడ ఉంటే గట్టులో భాగమే అనుకుంటాయి. అవి వచ్చాక కడితే, కొత్తగా లేచిన దాన్ని చూసి ఆ మడుగునే వదిలేస్తాయి.

ఇప్పుడు పనిలోకి వద్దాం. ఇద్దరికి ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, నాలుగున్నర అడుగుల ఎత్తు చాలు. నిలబడే ఎత్తు వద్దు, నిలబడే వీలుంటే నిలబడతారు. సరుగుడు బాదులు ఆరు తెచ్చి రెండేసి అడుగుల లోతున పాతండి. అడుక్కొకటి చొప్పున వెదురు బద్దలు అడ్డంగా కట్టండి. లోపలి వైపు పాత గోనె పట్టాలు కుట్టండి, ముందుగా వాటిని చెరువు బురదలో ముంచి ఆరబెడితే రంగు కుదురుతుంది. బయటి వైపు జమ్ము, కిక్కిస కట్టలు కట్టండి. చేలో ఎలా పెరుగుతుందో అలాగే, కొనలు పైకి ఉండాలి. కొనల్ని సమానంగా కత్తిరించవద్దు, నున్నటి గీత కనిపిస్తే అది మనిషి పని అని పిట్ట పసిగడుతుంది. జమ్ము కూడా కాంటూరు బయట కాలవ గట్లనుంచే కోసుకోండి. గుర్రపుడెక్క ఎండినదైతే అడుగున కప్పడానికి పనికొస్తుంది, కానీ ఒక చెరువులోది ఇంకో చెరువుకి మోసుకెళ్లకండి. ఆ పాడు మొక్కని మనమే పంచినవాళ్లం అవుతాం.

అందరూ పొరపాటు పడేది వెనక గోడ దగ్గర. ముందు గోడ దట్టంగా కట్టి, వెనక ఏదో నాలుగు కమ్మలు ఆనిస్తారు. వెనకనుంచి వెలుతురు లోపలికి పడితే ముందు కిటికీలో మీ ఆకారం నల్లగా కనిపిస్తుంది, తల తిప్పినా తెలిసిపోతుంది. కాబట్టి వెనక గోడ ముందు గోడకి రెట్టింపు మందం ఉండాలి. కట్టాక ఒకడు లోపల కూర్చుని చెయ్యి ఊపాలి, రెండోవాడు నీటి అంచున గొంతుక్కూర్చుని చూడాలి. చెయ్యి కనిపించినంతసేపూ గోనె వేస్తూనే ఉండండి. పైకప్పు తప్పనిసరి. పరజలు దిగేముందు రెండు మూడు చుట్లు తిరిగి పైనుంచి చూసుకుంటాయి. తాటాకు కప్పండి, కానీ ఎండిన తాటాకు గాలికి గలగలమంటుంది, అందుకని పైన వరిగడ్డి పరిచి అణిచి కట్టండి. నేల మీద మాత్రం గడ్డి పరవొద్దు. గడ్డిలో ఎలకలు చేరతాయి, ఎలకల వెనక తాచుపాము వస్తుంది. పాత తలుపు చెక్క ఒకటి పరిచి, దాని మీద గోనె వేసుకోండి. పొద్దున లోపలికి వెళ్లేముందు టార్చి వేసి, కర్రతో మూలలన్నీ కదిపి చూసుకోవాలి. వరి చేలల్లో రక్తపింజరలు తిరుగుతాయి, మోకాళ్ల వరకు బూట్లు వేసుకోండి. ఈ విషయంలో మీ అమ్మకి నేను మాటిస్తున్నాను, నా మాట పోగొట్టకు.

కిటికీలు రెండు. పీట మీద కూర్చుంటే కంటి ఎత్తున, మూరెడు పొడవు, జానెడు వెడల్పు. దానికి గోనె తెర వేలాడదీసి, లెన్సు పట్టేంత చీలిక పెట్టండి. లెన్సు గోనె దాటి బయటికి రాకూడదు. దాని మీద ఎండ తళుక్కుమంటే అంతా చెడుతుంది.

అన్నిటినీ పురికొసతో, కొబ్బరి తాడుతోనే కట్టండి. నైలాను తాడు వద్దు, ప్లాస్టిక్ వద్దు, నర్సరీల మీద కప్పే పచ్చటి నెట్ అసలే వద్దు. కొల్లేటి గట్ల మీద చెరువుల వాళ్లు పారేసిన టంగూసు వల ముక్కలు ఎన్ని ఉంటాయో నీకు తెలుసు. నీటికాకి కాలికి ఆ దారం చుట్టుకుంటే లాగేకొద్దీ బిగుస్తుంది, చివరికి కాలు ఎండిపోతుంది. మాటు కట్టే రోజున ముందు ఒక గోనెసంచి పట్టుకుని ఆ గట్టంతా తిరిగి ఆ ముక్కలు ఏరండి. మీ పనిలో అది మొదటి మెట్టు అనుకో.

స్నేహితుడు ఎందుకు కావాలో ఇప్పుడు చెబుతాను. మీరు ఎంత చీకటితో వెళ్లినా ఒక్కోసారి పిట్టలు అప్పటికే మడుగులో ఉంటాయి, మనిషి లోపలికి వెళ్లడం చూస్తాయి. లోపల మనిషి ఉన్నాడని తెలిస్తే గంట గడిచినా దగ్గరకి రావు. అప్పుడు ఇద్దరూ కలిసి మాటులోకి వెళ్లండి. కాసేపటికి ఒకడు బయటికి వచ్చి, దాక్కోకుండా, మామూలుగా గట్టు మీద నడుచుకుంటూ ఊరివైపు వెళ్లిపోవాలి. వచ్చినవాడు పోయాడని పిట్టలు ఊరుకుంటాయి. ఇద్దరు వెళ్లి ఒకడే తిరిగొచ్చాడన్న లెక్క వాటికి అందదు. కాసేపట్లో మళ్లీ మేతకి వస్తాయి. లోపలివాడు బయటికి రావాల్సినప్పుడు రెండోవాడు మళ్లీ అలాగే నడుచుకుంటూ వచ్చి తీసుకెళ్లాలి. ఈ ఉపాయంలో ప్రతిసారీ ఒకడు చూస్తాడు, ఒకడు నడుస్తాడు. ఈరోజు నువ్వు కూర్చుంటే రేపు వాడు కూర్చోవాలి. మంచి వెలుతురు ఉన్న రోజున "ఇవాళ నేనే" అనకు. ఫొటో ఎవరు తీసినా కింద ఇద్దరి పేర్లూ రాయండి, బయటినుంచి నడిచినవాడు లేకపోతే ఆ ఫొటోయే లేదు. స్నేహం నిలబడేది ఇలాంటి చిన్న న్యాయాల మీదే నాయనా.

చీకటితోనే వెళ్లాలి, ఎందుకంటే పరజలు చాలావరకు రాత్రి మేస్తాయి. దాళ్వా నాట్లకి నీళ్లు పెట్టిన చేలల్లో రాత్రంతా తిరిగి, తెల్లవారేసరికి గుంపులుగా మడుగులకి చేరతాయి. ముందు రెక్కల చప్పుడు వినిపిస్తుంది, ఎర్ర చిలువలైతే ఈల వేసుకుంటూ వస్తాయి. అప్పటికే మీరు లోపల కుదురుగా ఉండాలి. తెల్లచొక్కా వద్దు, సెంటు వద్దు, ఫోన్ మోగకూడదు, వెలగకూడదు. పిట్ట కూత ఫోన్లో వినిపించి రప్పించాలని చూడొద్దు, డ్రోను ఎగరేయొద్దు.

మొదటి అరగంట కెమెరా ముట్టుకోకు, ఊరికే చూడు. సూదితోక బాతు తల కిందికి ముంచి, తోక నిలువుగా పైకెత్తి అడుగున వెతుకుతుంది. చెంచామూతి బాతులు ఒకదాని వెనక ఒకటి గుండ్రంగా తిరుగుతూ, లేచిన నీటి సుడిలో ముక్కులు ఆనించి పురుగుల్ని జల్లెడ పడతాయి. బొల్లికోళ్లు నీళ్ల మీద పరుగెత్తి ఒకదాన్నొకటి తరుముతాయి. నిద్రపోయే గుంపుని జాగ్రత్తగా చూడు. అంచున ఉన్న బాతు ఒక కన్ను మూసి, బయటి వైపు కన్ను తెరిచి ఉంచుతుంది. మెదడులో సగం పడుకుని సగం కాపలా కాస్తుందని శాస్త్రజ్ఞులు తేల్చారు. బాతుకి కళ్లు తలకి రెండు పక్కలా ఉంటాయి, మెడ తిప్పకుండానే దాదాపు చుట్టూ కనిపిస్తుంది. అందుకే మీ వైపు చూడట్లేదు కదా అని కదలకూడదు. తలలన్నీ ఒక్కసారి పైకి లేచాయంటే మీరు ఏదో చప్పుడు చేశారన్నమాట, అవి మళ్లీ దించేదాకా ఊపిరి కూడా నెమ్మదిగా పీల్చు. జమ్ము మీద గద్ద తిరిగినా అలాగే లేస్తాయి. ఏది గద్ద వల్లో, ఏది మీ వల్లో నాలుగు రోజుల్లో మీకే తెలుస్తుంది.

వేల మైళ్లు ఎగిరొచ్చిన పిట్ట అది. ఇక్కడ నాలుగు నెలలు తిని, కొవ్వు పట్టి, మళ్లీ అంత దూరం పోవాలి. దాన్ని ఒకసారి లేపితే తిన్నది కొంత ఖర్చయిపోతుంది, రోజూ లేపితే తిరుగు ప్రయాణానికి సత్తువ మిగలదు. మాటు బాగా కుదిరిందో లేదో తెలియాలంటే ఫొటోలు లెక్కపెట్టకు. మీరు వచ్చేటప్పుడు, ఉన్నప్పుడు, పోయేటప్పుడు ఎన్నిసార్లు గుంపు లేచిందో లెక్కపెట్టు. ఒక్కసారి కూడా లేవని రోజున మీరిద్దరూ మీ తాతయ్య అంతటి వాళ్లయ్యారని నేనే ఒప్పుకుంటాను.

గూళ్ల దగ్గర మాత్రం ఎప్పుడూ మాటు కట్టకండి. కొల్లేటి ఒడ్డున ఆటపాకలో అటవీశాఖ చెరువులో నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు, అంటే పెలికాన్లు, గూళ్లు పెడతాయి. వాటిని చూడాలంటే అక్కడే వాళ్లు చూపించే చోటునుంచి చూడండి. తల్లి పిట్ట ఒక్క నిమిషం లేస్తే చాలు, కాకులు గుడ్లు ఎత్తుకుపోతాయి. గూళ్లు ఎంత తేలిగ్గా పోతాయో మన జిల్లాలకి బాగా తెలుసు. 1946లో కె.కె. నీలకంఠన్ అనే కేరళ పక్షిశాస్త్రవేత్త పశ్చిమ గోదావరిలోని ఆరేడు దగ్గర సుమారు మూడు వేల గూడబాతులు గూళ్లు పెట్టుకున్న చోటు కనిపెట్టాడు. 1975 ప్రాంతానికి ఆ చోటు ఖాళీ అయిపోయింది. ఆయన చూసి, లెక్కపెట్టి, రాసి పెట్టాడు కాబట్టే మనం ఏం పోగొట్టుకున్నామో ఇవాళ మనకి తెలుస్తోంది.

అందుకని ఒక నోటుబుక్కు పెట్టండి. తేదీ, టైము, గాలి, నీటి లోతు, ఏ పిట్టలు ఎన్ని. ముందు పది పిట్టలు ఎంత జాగా పడతాయో కంటికి అలవాటు చేసుకుని, గుంపుని పదులుగా కోసుకుంటూ లెక్కించు. ఇద్దరూ విడివిడిగా లెక్కించి తరవాత పోల్చుకోండి. ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోంది. మీ పుస్తకం పట్టుకుని దానికి వెళ్లండి. ఒకే మడుగుని రోజూ చూసినవాళ్ల లెక్క వాళ్లకి ఎంతో పనికొస్తుంది.

ఇంకొక్క మాట. చెరువుల వాళ్లు పిట్టల్ని తోలడానికి టపాసులు పేలుస్తుంటే కోపం తెచ్చుకోకు. అప్పు చేసి పిల్ల చేపలు వేసినవాడికి నీటికాకి గుంపు దిగితే గుండె ఆగినంత పనవుతుంది. 2006లో ప్రభుత్వం కొల్లేటి చేపల చెరువుల గట్లు కొట్టేసినప్పుడు ఎన్ని కుటుంబాలు ఎలా నలిగాయో నేను చూశాను. వాళ్లని మాటులోకి పిలవండి, ఒక పొద్దు కూర్చోబెట్టండి. పరజ తినేది గింజలూ, గడ్డిదుంపలూ, నీటి పురుగులూ అని వాళ్లే కళ్లారా చూస్తారు. మీరు వంద మాటలు చెప్పేకన్నా అది నయం.

ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర వచ్చేసరికి పరజలు బయల్దేరుతుంటాయి. అవి వెళ్లాక మాటు విప్పేయండి. బాదులు, బద్దలు ఇంటికి తెచ్చి నీడన పెడితే వచ్చే ఏటికి పనికొస్తాయి. పురికొస మట్టిలో కలిసిపోతుంది. గట్టు నీ స్నేహితుడి నాన్నగారు ఇచ్చినట్టే ఆయనకి తిరిగి అప్పజెప్పండి.

సరుగుడు బాదులు కొనకండి, మన దొడ్లో ఉన్నవి మీ నాన్న చేత పంపిస్తున్నాను. బైనాక్యులర్స్ కూడా అందులోనే పెడతాను, అవి మీ ఇద్దరివీ. దీపావళి లోపు పైకప్పు పడాలి. పరీక్షలు ఉంటే మాత్రం ఆ వారం మాటు మాటే ఎత్తవద్దు. నోటుబుక్కులో మొదటి పేజీ నిండాక ఫొటో తీసి నాకు పంపు, మీ ఇద్దరి లెక్కల్లో తేడా ఎంతుందో నేను చూడాలి.

నీ స్నేహితుడికీ, వాళ్ల నాన్నగారికీ నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
ఆశీస్సులతో
మీ పెదనాన్న